పాత లగ్జరీ కారు పెట్రోలు ఎక్కువ తాగుతోందా? ఎక్కడ పోతోందో వెతికే పద్ధతి

నా బండి 2008 మోడల్, ఆరు సిలిండర్ల జర్మన్ పెట్రోల్ సెడాన్, ఆటోమేటిక్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొన్న కొత్తలో విజయనగరం ఊళ్లో తిరుగుళ్లు, వారానికోసారి శ్రీకాకుళం ప్రయాణం అన్నీ కలిపి లీటరుకి 5.4 కిలోమీటర్లు ఇచ్చింది. ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లకి చూపించాను. అందరిదీ ఒకటే మాట: "పెద్ద బండి కదా బాబూ, తాగుద్ది మరి."

ఆ మాటలో సగం నిజముంది. 1,700 కిలోల బరువూ మూడు లీటర్ల ఇంజనూ ఉన్న బండి పదిహేను ఇవ్వదు. ఊళ్లో ఆరు ఏడు, హైవే మీద పది పదకొండు వస్తే అది ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. కానీ 5.4 అంటే ఆరోగ్యం కాదు. ఇప్పుడు నా బండి అవే దారుల్లో 7.4 ఇస్తోంది. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అప్పుడు 185 లీటర్లు పోసేవాణ్ణి, ఇప్పుడు 135 చాలుతోంది. లీటరు నూట పదికి అటూ ఇటూ ఉన్న రోజుల్లో యాభై లీటర్లంటే ఐదున్నర వేలు.

ఇందులో నేను నేర్చుకున్నదేమిటంటే, పాత బండిలో మైలేజీని ఒక్క పెద్ద జబ్బు తినేయడం అరుదు. నాలుగైదు చిన్న లోపాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అందుకే అంచనా మీద పార్టులు మారుస్తూ పోతే డబ్బులు పోతాయి గానీ మైలేజీ తిరిగి రాదు. ముందు కొలవాలి, తర్వాత పైసా ఖర్చు లేని పరీక్షలు చేయాలి, విప్పడం ఆఖర్న.

మొదట కొలత సరిగ్గా ఉందా?

డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకెని నమ్మకండి. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి లెక్క వేయండి. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు. గన్ తనంతట తాను కట్ అయ్యాక అక్కడితో ఆపించండి. ట్రిప్ మీటరు సున్నా చేసి, కనీసం రెండొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలాగే నింపి, తిరిగిన కిలోమీటర్లని పోసిన లీటర్లతో భాగించండి. ఇలా మూడు సార్లు చేసి సగటు తీస్తే అదీ మీ అసలు మైలేజీ. ఒక్క ట్యాంకు లెక్క ఎందుకూ పనికిరాదు.

బంకు కుర్రాడు "రౌండ్ ఫిగర్ చేసేయమంటారా సార్" అని ఇంకో లీటరు కుక్కబోతాడు. వద్దనండి. లెక్క చెడిపోవడం ఒక్కటే కాదు నష్టం. ట్యాంకు ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా ఒకటి బండిలో ఉంటుంది, కానిస్టర్ అంటారు. మూతి దాకా నింపితే పెట్రోలు ఆ డబ్బాలోకి పోయి బొగ్గు తడిసిపోతుంది. తర్వాత ఆ ఆవిరంతా ఇంజన్‌లోకి లెక్కలేకుండా వెళ్తుంది. మైలేజీ కొలవబోయి మైలేజీ పాడు చేసుకున్నట్టవుతుంది.

కొన్ని యూరప్ బండ్లు వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లని చూపిస్తాయి. వందని ఆ అంకెతో భాగిస్తే మన లెక్క వస్తుంది. 12.5 కనిపిస్తే లీటరుకి 8.

టైరు సైజు కూడా చూడండి. సెకండ్ హ్యాండ్ బండికి ముందు ఓనరు ఏ టైర్లు వేశాడో మనకి తెలియదు. 225/50 ఆర్17 ఉండాల్సిన చోట 225/55 ఆర్17 ఉంటే చక్రం వ్యాసం 3.4 శాతం పెరుగుతుంది. బండి 100 తిరిగినా మీటరు 97 లోపే చూపిస్తుంది. నాతవలస దగ్గర హైవే ఎక్కి రణస్థలం వైపు వెళ్లేటప్పుడు పక్కనున్న కిలోమీటరు రాళ్లతో ఒక ఇరవై కిలోమీటర్లు సరిచూసుకుంటే తేలిపోతుంది. ఫోన్‌లో జీపీఎస్‌తో చూసినా సరే.

పెట్రోలు వాటా ఎంత?

ఈ విషయం ముందే తీసేసుకోవాలి, లేకపోతే లేని జబ్బుకి మందు వేస్తాం. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఐదో వంతు కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం తరుగు. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక కూడా ఈ10కి సర్దిన నాలుగు చక్రాల బండ్లకి ఆరేడు శాతం దాకా తగ్గవచ్చనే చెప్పింది. అంటే పాత పెట్రోలు మీద 8 ఇచ్చిన బండి ఇప్పుడు 7.5 ఇస్తే దాని తప్పేమీ లేదు. 8 ఇచ్చేది 5.4కి పడితే మాత్రం నెపం ఇథనాల్ మీద వేయకండి.

పాత బండికి ఇథనాల్ ఇంకోలా నష్టం చేస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ఈ20ని తట్టుకునేలా చేశారు. మనవి అలా కాదు. పెట్రోలు గొట్టాలు, ఇంజెక్టర్ల రబ్బరు రింగులు గట్టిపడి పగుళ్లు ఇవ్వొచ్చు. పొద్దున్నే బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన వస్తే మైలేజీ సంగతి పక్కన పెట్టి ముందు ఆ గొట్టం సంగతి చూడండి. అది నిప్పుతో పని. ఇథనాల్ తేమని కూడా పీల్చుకుంటుంది కాబట్టి, మన తీరంలో వానాకాలం బండిని నెలల తరబడి నిలిపి ఉంచేవాళ్లు పెట్రోలుని పాతబడనివ్వకండి.

ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు పోస్తే బాగుపడుతుందా అని చాలామంది అడుగుతారు. మూత వెనక కంపెనీ రాసిన ఆక్టేన్ అంకె చూడండి. 95 అని ఉండి, మామూలు పెట్రోలుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ లోపల సన్నగా టకటకలాడితే రెండు ట్యాంకులు అది పోసి కొలవండి. తేడా రాకపోతే మానేయండి.

తోసి చూడండి, తాకి చూడండి

మా బావది శ్రీకాకుళం. కళింగపట్నం వైపు పనుల మీద రోజూ సముద్రం గాలిలో తిరిగే మనిషి. ఆయన బండీ పాతదే. ఒకసారి వచ్చినప్పుడు నన్ను పిలిచి, "బావా, హైవేలో కూడా ఏడు దాటట్లేదు, ఇంజన్ అయిపోయినట్టేనా?" అన్నాడు. ఇంజన్ దాకా వెళ్లలేదు. చదునైన నేల మీద గేరు న్యూట్రల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు తీసి ఇద్దరం తోశాం. కదలడానికి చాలా మొండికేసింది. పెద్ద బండే అయినా, చదును మీద ఇద్దరు మనుషులు భుజం పెడితే కదిలి తీరాలి.

తర్వాత పదిహేను కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ తొక్కుతూ వెళ్లి ఆగాం. నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూస్తే వెనక ఎడమ చక్రం సెగలు కక్కుతోంది. అల్లాయ్‌ని ముట్టుకోకండి, కాలుతుంది. చేయి దగ్గరికి తీసుకెళ్తే చాలు. బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ లోపల జారాల్సిన పిన్నులు ఉప్పు గాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కుని పట్టుకునే ఉంది. పిన్నులు తీసి, శుభ్రం చేసి, కాలిపర్ గ్రీజు పెట్టి, చిరిగిన రబ్బరు తొడుగులు మార్చారు. ఆ బండికి వైద్యం అంతే. హైవే మీద ఏడు దాటనిది పది దగ్గరికి వచ్చింది.

పిన్నులు బాగానే ఉండీ చక్రం వేడెక్కితే బ్రేకు రబ్బరు గొట్టం లోపల ఉబ్బిందేమో చూడమనండి. నూనె వెళ్తుంది గానీ వెనక్కి రాదు.

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, అంటే పొద్దున్నే ఇంటి దగ్గర. ఎంత పెట్టాలన్నది డ్రైవరు తలుపు పక్కన స్తంభం మీదో పెట్రోలు మూత లోపలో అంటించి ఉంటుంది. బంకులో గేజి మీద నమ్మకం పెట్టుకోకుండా సొంత గేజి ఒకటి కొనుక్కోండి. టైరు అంచు మీద చేయి రాస్తే ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపంలా తగిలితే అలైన్‌మెంట్ పోయినట్టు. ఆ టైరు పక్కకి ఈడ్చుకుంటూ దొర్లుతోంది, ఆ ఈడ్పుకీ పెట్రోలే ఖర్చవుతుంది.

ఇంజన్‌ని అడిగి తెలుసుకోవడం

ఇక్కడ ఆగి తీరిగ్గా చదవండి, అసలు విషయం ఇదే. బ్లూటూత్ ఓబీడీ రీడరు ఒకటి కొనండి, ఖరీదైనది అక్కర్లేదు. స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చి ఫోన్‌కి కలిపితే ఇంజన్ కంప్యూటరు ఏమనుకుంటోందో కనిపిస్తుంది. చెక్ ఇంజన్ లైటు వెలగకపోయినా చూడాలి. లైటు వెలిగేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. ఏ కోడూ చెరపకండి, ముందు రాసి పెట్టుకోండి.

మొదట కూలెంట్ వేడి. పొద్దున చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి బయల్దేరండి. పది పన్నెండు నిమిషాల్లో 85 డిగ్రీలు దాటి అక్కడే నిలబడాలి. ఊళ్లో 85 చూపించి, హైవే మీద ఎనభైలో వెళ్తుంటే 70కి జారిపోతే ఇంజన్ వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటరుకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టు. డ్యాష్‌బోర్డు ముల్లు దీన్ని చెప్పదు. చాలా బండ్లలో 75 నుంచి 105 దాకా ఎక్కడున్నా ముల్లు నడిమధ్యనే నిలబడేలా కంపెనీయే చేస్తుంది. "మన ఎండలకి ఇంజన్ చల్లగా ఎలా ఉంటుంది సార్" అని నాకు ఒక మెకానిక్ అడ్డం చెప్పాడు. ఎండ ఎంతున్నా ఎదురుగాలి రేడియేటరు మీద కొడుతుంటే ఇంజన్ 70లోనే ఉండిపోగలదు. ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, గేరుబాక్సు కూడా పై గేర్లలో పూర్తిగా లాక్ కాదు. నా బండికి ఉన్న మొదటి లోపం ఇదే. థర్మోస్టాట్ మార్చాక 5.4 కాస్తా 5.9 అయింది.

రెండోది ఫ్యూయల్ ట్రిమ్. ఇంజన్‌లోకి వచ్చిన గాలికి ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటరు దగ్గర ఒక లెక్క ఉంటుంది. సైలెన్సరు దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఆ లెక్క తప్పిందని చెబితే కంప్యూటరు సర్దుతుంది. ఆ సర్దుబాటే ట్రిమ్. ప్లస్ ఉంటే ఎక్కువ పోస్తున్నట్టు, మైనస్ ఉంటే తగ్గిస్తున్నట్టు. షార్ట్ టర్మ్ క్షణక్షణం మారుతుంది, లాంగ్ టర్మ్ నిలకడగా ఉంటుంది. రెండూ కూడి చూడండి.

పుస్తకాల్లో ప్లస్ ఐదు, మైనస్ ఐదు మధ్య ఉంటే మంచిదని ఉంటుంది. ఈ20 వచ్చాక పాత బండికి ఆ కొలబద్ద సరిపోదు. వట్టి పెట్రోలుకి ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ20కి దాదాపు 13.5. కాబట్టి పాత లెక్కతో నడిచే బండి ఏ జబ్బూ లేకుండానే ప్లస్ ఎనిమిది దగ్గర కనిపించొచ్చు. చాలా బండ్లలో సర్దుబాటు ఇరవై, ఇరవై ఐదు దాటితే గాలికి సరిపడా పెట్రోలు లేదని చెప్పే పి0171 కోడు పడుతుంది. అందులో మూడో వంతు ఇథనాలే తినేసింది కాబట్టి, ఒకప్పుడు బండి ఓర్చుకున్న చిన్న లీకు ఇప్పుడు లైటు వెలిగిస్తుంది. ఇది తెలియక సెన్సర్లు మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ట్రిమ్‌ని మూడు చోట్ల చూడాలి: ఇంజన్ వేడెక్కాక బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు (ఐడిల్ అంటారు), నిలబడే 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర, హైవే మీద కాస్త గట్టిగా తొక్కినప్పుడు.

ఆగి ఉన్నప్పుడు ప్లస్ 18 ఉండి, 2,500 దగ్గర ప్లస్ 8కి దిగితే ఎక్కడో దొంగగాలి పోతోంది. ఐడిల్‌లో వచ్చే గాలే తక్కువ, అందులో లీకు వాటా పెద్దది. ఆర్‌పీఎమ్ పెరిగితే ఆ వాటా చిన్నదైపోతుంది. దీనికి తిరగబడి, ఆగి ఉంటే మామూలుగా ఉండి తొక్కేకొద్దీ ప్లస్ పెరిగితే గాలి కొలిచే సెన్సర్ మురికి పట్టింది, లేదా పెట్రోలు పంపు, ఫిల్టరు నీరసించాయి. మైనస్ పన్నెండు, పదిహేను ఉంటే పెట్రోలు అడగకుండా వస్తోంది: కారే ఇంజెక్టరు, కానిస్టర్ ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు ఎప్పుడూ తెరిచి ఉండడం, లేదా గాలిని ఎక్కువ చేసి చెప్పే సెన్సర్. వీ6 బండిలో సిలిండర్లు రెండు వరసల్లో ఉంటాయి, వాటికి రెండు ట్రిమ్‌లు ఉంటాయి. రెండూ ఒకలా ఉంటే లోపం ఉమ్మడి చోట, ఒకటే తేడా ఉంటే ఆ వరస పక్కనే వెతకాలి.

దొంగగాలి ఎక్కడ?

నా బండికి ఐడిల్‌లో ప్లస్ 19 వచ్చింది. ఈ వయసు బండ్లలో ముందు రెండు చోట్లు చూడాలి. ఒకటి ఎయిర్ ఫిల్టరు డబ్బా నుంచి ఇంజన్‌కి వెళ్లే ముడతల రబ్బరు గొట్టం. పైనుంచి చూస్తే బాగుంటుంది, కింది ముడతల్లో చీలి ఉంటుంది. విప్పి, చేత్తో వంచి చూస్తేనే కనిపిస్తుంది.

రెండోది ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇంజన్ గాలి దారిలోకి పంపే వాల్వు, పీసీవీ అంటారు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తిప్పి ఎత్తండి. కొద్దిగా పట్టినట్టు ఉంటే సరే. మూత రాకుండా గట్టిగా పీల్చుతూ ఈల వేస్తే లోపలి పొర చిరిగింది. నాకు రెండూ ఉన్నాయి. రెండూ బాగుచేశాక ట్రిమ్ ప్లస్ 7కి దిగింది, మైలేజీ 6.8కి చేరింది. అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇచ్చిన రిపేరు ఇదే.

కంటికి కనిపించకపోతే పొగ పరీక్ష చేయించండి. మిషన్‌తో ఇంజన్ గాలి దారిలోకి పొగ ఎక్కిస్తే చీలిక దగ్గర బయటికొస్తుంది. మీ ఊళ్లో ఆ మిషన్ లేకపోతే విశాఖలో పెద్ద గ్యారేజీకి ఒక పూట పెట్టుకుని వెళ్లడం మేలు. వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ చల్లి వెతికే పద్ధతి కొందరికి అలవాటు. మంటలు అంటుకునే పని, చేయనివ్వకండి.

పర్జ్ వాల్వు పరీక్ష సులువు. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి, కానిస్టర్ వైపు నుంచి వచ్చే గొట్టం వాల్వు దగ్గర తీసి వేలు పెట్టండి. ఆ టైములో పీల్చకూడదు. పీలుస్తుంటే వాల్వు మూసుకోవట్లేదు.

గాలి సెన్సర్‌ని దాని కోసమే అమ్మే క్లీనర్‌తో కడగాలి. వేలితో, గుడ్డతో, పెట్రోలుతో ముట్టుకోకండి. లోపలి తీగ వెంట్రుకంత సన్నం. కడిగాక పావుగంట ఆరనివ్వండి. మూడు లీటర్ల ఇంజన్ వేడిగా ఐడిల్‌లో ఉంటే సెకనుకి మూడు నాలుగు గ్రాముల గాలి చూపించడం మామూలు.

ఎయిర్ ఫిల్టరు మార్చగానే మైలేజీ ఎగిరి కూర్చుంటుందని అందరూ అంటారు. కొత్త తరం ఇంజెక్షన్ బండ్లలో అలా జరగదు. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో పరీక్షించి, మూసుకుపోయిన ఫిల్టరు వల్ల పికప్ తగ్గుతుంది గానీ మైలేజీ పెద్దగా మారదని తేల్చింది. అయినా టెక్కలి గ్రానైట్ క్వారీల వైపు తిరిగేవాళ్లు గడువు కన్నా ముందే మార్చండి, ఇంజన్ లోపలికి దుమ్ము పోకుండా.

స్పార్క్ ప్లగ్గులు లక్ష కిలోమీటర్లు దాటితే మార్చేయండి. విప్పినప్పుడు ప్లగ్గు గుంతలో ఆయిల్ కనిపిస్తే వాల్వు కవరు గ్యాస్కెట్ కూడా అప్పుడే వేయించండి, లేకపోతే కొత్త కాయిల్ కూడా పాడవుతుంది. తీసిన ప్లగ్గుల్ని వరసలో పెట్టి చూడండి. ఒకటి మాత్రం నల్లగా మసి పట్టి ఉంటే ఆ సిలిండరు ఇంజెక్టరు కారుతోందేమో అనుమానించాలి.

గేరుబాక్సు

గేరుబాక్సు ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని అమ్మేటప్పుడు చెప్పి ఉంటారు. కానీ చాలా జర్మన్ బండ్లకి గేరుబాక్సులు చేసిన జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. చదును హైవేలో, ఇంజన్ వేడెక్కాక, ఎనభైలో నిలకడగా వెళ్తూ యాక్సిలరేటరు కొంచెం, చాలా కొంచెం నొక్కండి. స్పీడు పెరగకుండా ముందు ఆర్‌పీఎమ్ ఒక్కటే లేచిపోతే ఇంజన్ శక్తిని నూనె ద్వారా గేరుబాక్సుకి అందించే టార్క్ కన్వర్టరు లాక్ కావట్లేదు, ఇంజన్ శక్తి నూనెని వేడి చేయడానికి పోతోంది. ఆయిల్ మార్చేటప్పుడు కంపెనీ చెప్పిన గ్రేడే, చెప్పిన ఉష్ణోగ్రత దగ్గరే లెవెల్ చూసి నింపాలి. ఇది తెలిసిన చేయి పడాల్సిన పని.

నడిపే దారి

విజయనగరం గంట స్తంభం చుట్టుపక్కల రెండేసి కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండి ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. ఏ రిపేరు చేసినా ఆ ప్రయాణాలకి ఐదే వస్తుంది. బజారు, బడి, బ్యాంకు పనులు ఒకే ట్రిప్పులో కలుపుకోండి. ఏసీ వేసుకుని ఆగి ఉంటే ఇంత ఇంజన్ గంటకి లీటరు పైనే తాగుతుంది. హైవేలో 110 నుంచి 85కి దిగి చూడండి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ తేడా మరుసటి ట్యాంకులోనే తెలుస్తుంది.

డీజిల్ బండి ఉన్నవాళ్లకి బ్రేకులు, టైర్లు, థర్మోస్టాట్, గేరుబాక్సు ఇవన్నీ ఇలాగే వర్తిస్తాయి. ట్రిమ్ బదులు టర్బో గాలి గొట్టాల లీకు, కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి, పొగలోని మసిని పట్టే ఫిల్టరు డీపీఎఫ్ మాటిమాటికీ తనని తాను కాల్చుకుంటోందా అన్నది చూడాలి.

ప్రతి రిపేరు తర్వాత కోడ్లు చెరిపి, వంద కిలోమీటర్లు తిప్పి, ట్రిమ్ కొత్తగా కుదురుకున్నాకే మళ్లీ ట్యాంకు లెక్క మొదలుపెట్టండి. రెండు రిపేర్లు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. నా గొట్టమూ వాల్వూ ఒకే రోజు మార్చడం వల్ల ఆ 0.9లో దేని వాటా ఎంతో నాకు ఇప్పటికీ లెక్క లేదు. అలైన్‌మెంట్, టైర్ల గాలి 7.0కి తెచ్చాయి. గేరుబాక్సు ఆయిల్ మారిన తర్వాతి మూడు ట్యాంకులకి నోటుబుక్కులో ఉన్నవి 7.3, 7.5, 7.4.